మా తమ్ముడు చూసేసిన పెండ్లిళ్లు

దయ్యాలు, ఆత్మలు అనే మాటలకు నా దగ్గర ఎప్పుడూ గిరాకీ లేదు. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే, "నువ్వు సూసినవా, ఎవలన్న చెప్పిన్రా?" అని అడిగేవాణ్ణి. ఎవరో చెప్పిందైతే సగం తగ్గించేవాణ్ణి. తానే చూశానంటే ఆ రోజు ఏం తాగాడో అడిగి మిగతా సగం కూడా తగ్గించేవాణ్ణి. దుకాణదారుల ఇంట్లో పుట్టినవాడికి చెప్పిన ధరకు దేన్నీ కొనే అలవాటు ఉండదు. నేను చెప్పేదాన్ని మీరూ తగ్గించుకునే చదవండి. నేనే ఎన్నోసార్లు తగ్గించి చూశాను. ఎంత తగ్గించినా కొంత మిగిలిపోతోంది.

స్మార్ట్‌ఫోన్లు ఇంకా మా వైపు రాని రోజులవి. బోధన్‌లో మాకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది, మా బాపు పెట్టింది. అమ్ముడుపోని గిన్నెలను ఆయన పెండ్లిళ్ల కాలానికి ముందు కింది అర నుంచి తీసి, తుడిచి, పాత ధర చీటీ గీకేసి, అద్దాల బీరువాలో పెట్టేవాడు. "కొత్త మాల్ దిగింది" అనేవాడు. అర మారితే సరుకు కొత్తదవుతుందనేది మా ఇంటి చదువు. బాపు పోయినా ఆ చదువు నాలో ఉండిపోయింది.

నా తమ్ముడు రాజేందర్‌కు దుకాణం పట్టలేదు. పెండ్లిళ్లకు వీడియో తీసేవాడు. రైతులకు చెరుకు బిల్లులు చేతికొచ్చి పెండ్లిళ్లు పెట్టుకునే కాలంలో ఇంటికి వచ్చేవాడే కాదు. బాల్కొండ, ఏర్గట్ల దాకా పోయి తీశాడు. ముప్పై దాటకుండానే రెండు కిడ్నీలూ పాడయ్యాయి. నాది ఒకటి ఇస్తానన్నాను. పరీక్షలు చేసి కలవదన్నారు. ఇక మిగిలింది నిజామాబాద్ బస్సు, అక్కడ ఆసుపత్రిలో డయాలసిస్, తిరుగు బస్సు.

ఇంట్లో పడుకునే రోజుల్లో తను తీసిన క్యాసెట్లన్నీ ఓపిగ్గా కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. దాన్ని హాల్లోని టీవీకి కలిపాడు. మంచం మీద నుంచి రిమోట్ నొక్కితే పెండ్లిళ్లన్నీ బొమ్మలతో వరసగా కనిపించేవి. ఒకదాన్ని చివరిదాకా చూస్తే దాని పక్కన చిన్న తెల్లటి టిక్కు పడేది. చూడనివాటికి ఉండేది కాదు.

కొత్త పెండ్లిళ్ల నుంచి మొదలుపెట్టి పాతవాటి వైపు పోయాడు. అతను తీసిన మొట్టమొదటి పెండ్లి నాది. అది ఆఖరుకు మిగిలింది.

"గీ పిలగాని మొఖం సూడే అన్నా, లడ్డూలు దొంగతనం జేసి దొరికినట్టు లేడా?" అని నవ్వేవాడు. నా భార్య సుజాత వంటింట్లోంచి, "మీ అన్న మొఖం గంతకంటే అద్వానం, ఆగు సూద్దువు గాని" అనేది. నేనూ నవ్వేవాణ్ణి. ఎన్ని పెండ్లిళ్లు చూసినా ఒక్కదాంట్లోనూ రాజేందర్ లేడు. కెమెరా పట్టుకున్నవాడు బొమ్మలోకి ఎట్లా వస్తాడు? అప్పుడప్పుడు గొంతు వినపడేది, "ఇటు సూడుర్రి" అని. అంతే.

ఆ రోజుల్లోనే మనసులో ఒక బేరం పెట్టుకున్నాను. ఇవన్నీ చూసేదాకా వీణ్ణి తీసుకుపోవద్దు అని. ఎవరితో పెట్టుకున్నానో నాకే తెలియదు. అవతలి పక్షం సరేనందో లేదో కూడా తెలియదు. కానీ టిక్కులు పెరుగుతున్నకొద్దీ నాకు భయం పట్టుకుంది. అతను ఒక పెండ్లి చూడబోతుంటే దుకాణం ముచ్చట్లు పెట్టి ఆపేవాణ్ణి.

అంతలో కంప్యూటర్‌కు తగిలించిన, ఆ వీడియోలన్నీ ఉన్న డిస్కు చెడిపోయేలా టకటకమనడం మొదలైంది. నిజామాబాద్‌లో కొత్తది కొనడానికి పోయి, పాతదాన్ని చూసి ఎంతో కొంత తగ్గించమన్నాను. ఆ కంప్యూటర్ దుకాణం అతను నవ్వాడు. "సేటూ, గిది గిన్నె గాదు, సొట్ట సూసి తగ్గియ్యనీకి" అన్నాడు. చివరికి తీగ ఒకటి ఊరికే ఇప్పించుకుని వచ్చాను.

రాజేందర్ మంచం మీద నుంచే పని చెప్పాడు. పాత డిస్కుకు కంప్యూటర్ ఎఫ్ అని పేరు పెట్టుకుంది. వీడియోలన్నీ కొత్తదాంట్లోకి మార్చాక, పాతదాన్ని తీసేసి, కొత్తదానికీ ఎఫ్ అనే పేరు పెట్టాలి. అప్పుడు వీడియోలు కదలనే లేదని అది అనుకుంటుంది, టిక్కులు ఉంటాయి. వేరే పేరు పెడితే అన్నీ కొత్తవే అనుకుని టిక్కులు లేకుండా చూపిస్తుంది.

"టిక్కులు పోవద్దన్నా. ఏది సూసిన్నో నాకు యాదికుంటలేదు. మల్ల మొదటికెల్లి సూడాల్నంటే నాతోని కాదు" అన్నాడు.

డయాలసిస్ నుంచి వచ్చి అతను నిద్రపోతున్నప్పుడు నేను కొత్త డిస్కు తగిలించి వీడియోలన్నీ దాంట్లోకి మార్చాను. దానికి జి అని పేరు పెట్టాను. టీవీలో పెండ్లిళ్లన్నీ టిక్కు లేకుండా, బాపు అద్దాల బీరువాలో పెట్టిన గిన్నెల్లా మెరుస్తూ కనిపించాయి. పాత డిస్కును తువాలులో చుట్టి ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ పూట నాకు అన్నం రుచిగా అనిపించింది.

అతను లేచి టీవీ చూశాడు. రిమోట్ నొక్కుతూ అడుగుదాకా పోయి మళ్లీ పైకి వచ్చాడు.

"నాతోని గూడ బేరమేనా అన్నా?"

"మల్ల మొదటికెల్లి సూడు. టైం పడితే పడనీ. ఏం తొందర?"

"టైం నీ దుకాణంల ఉన్నదా, తీసి ఇయ్యనీకి?" అన్నాడు. కోపంగా కాదు, నవ్వుతూనే. తర్వాత, "సరే, ఏదో ఒకటి పెట్టు" అని గోడ వైపు తిరిగాడు.

ఆ తర్వాత నాలుగైదు చూశాడు, వాటికి మళ్లీ టిక్కులు పడ్డాయి. ఒక పొద్దున ఊపిరి అందడం కష్టమైంది. కారు మాట్లాడి నిజామాబాద్ తీసుకుపోయాం. పోయేముందు నేనే టీవీ ఆపాను. అప్పుడు తెర మీద ఆ నాలుగైదు టిక్కులే ఉన్నాయి. నా పెండ్లి బొమ్మ అడుగున, టిక్కు లేకుండా ఉంది. కంప్యూటర్ ఆపి, కరెంటు మెయిన్ దించి, ఇంటికి తాళం వేసి, అలవాటు కొద్దీ రెండుసార్లు లాగి చూశాను. తాళంచెవి ఒక్కటే. అది నా జేబులో ఉంది.

ఆసుపత్రిలో పెద్ద డాక్టర్ నన్ను పక్కకు పిలిచి, "రెండు రోజులు" అన్నారు. "కొంచెం సూసి చెప్పుర్రి సార్" అన్నాను. నోరు అలవాటు పడిపోయింది. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు, అంతే. ఏ బేరమైనా చెయ్యి వేస్తే ముగిసినట్టే.

రెండో రోజు మధ్యాహ్నం రాజేందర్ కళ్లు తెరిచాడు. "నా లెక్కల ఒక్కటే మిగిలిందన్నా. నీ పెండ్లి" అన్నాడు.

"ఇంటికి పోయినంక ముగ్గురం కూసోని సూద్దాం" అన్నాను.

సుజాత అతని కాళ్లు పట్టుకుని కూర్చుంది. సాయంత్రం కాకముందే పోయాడు.

శవంతో వచ్చి తాళం తీసింది నేనే. మెయిన్ దించినట్టే ఉంది. పదో దినం దగ్గరపడుతుంటే దండ వేయడానికి ఫోటో కావలసి వచ్చింది. వెతికితే ఒక్కటీ లేదు. అందరి ముఖాలూ తీసినవాడికి తన ముఖం లేదు. ఏదైనా పెండ్లిలో అద్దంలోనో, గుంపులోనో దొరుకుతాడేమోనని, అతను పోయాక మొదటిసారి కంప్యూటర్ పెట్టాను.

అన్నిటికీ టిక్కులు ఉన్నాయి.

పాత డిస్కు మీద చూసినవాటన్నిటికీ ఉన్నాయి. అడుగున నా పెండ్లికీ ఉంది.

సుజాతను పిలిచాను. ఆమెకు రిమోట్‌తో చానెల్ మార్చడం కూడా సరిగా రాదు. తెర చూసి, "నేను ముట్టలే" అంది. ఆ వెంటనే ఏడ్చింది. ఇనుప బీరువా తెరిచాను. పాత డిస్కు తువాలులో చుట్టినట్టే ఉంది. కొత్తదాని పేరు చూశాను. జి అనే ఉంది.

కంప్యూటర్ దుకాణం అతన్ని ఇంటికి పిలిపించాను. చాలాసేపు చూశాడు. "పాత టిక్కుల ముచ్చట లోపల్నే ఎఫ్ పేరు మీద ఉంటే ఉండొచ్చు. గని జి మీద ఎట్ల పడ్తయి సేటూ? సరే, ఏదో గడ్‌బడ్ అయి పడ్డయే అనుకుందాం. అసలు సూడనే సూడనిదానికి ఎట్ల పడ్డది?" అన్నాడు. వచ్చినందుకు ఏమీ తీసుకోలేదు. తీసుకొమ్మని నేనూ బతిమాలలేదు. నా జీవితంలో బేరం లేకుండా జరిగిన పని అదొక్కటే.

ఫోటో దొరకలేదు. ఆసుపత్రి కార్డు మీది చిన్న బొమ్మను పెద్దది చేయించి దండ వేశాం. ముఖం మసకగా వచ్చింది. మనిషిని ఎరిగినవాళ్లకే అది రాజేందర్ అని తెలుస్తుంది.

తర్వాత డిస్కులు మార్చాల్సి వచ్చిన ప్రతిసారీ అతను చెప్పినట్టే చేశాను. కొత్తదానికి పాతదాని పేరే పెట్టాను. ఒక్క టిక్కు పోలేదు. అతని కళ్లు ఏమేం చూశాయో చెప్పడానికి మా దగ్గర మిగిలినవి అవే.

బహుశా ఆ యంత్రం తప్పు లెక్క చూపించి ఉంటుంది. అలా అనుకుని సగం తగ్గిస్తాను. ఆసుపత్రికి పోయే కంగారులో టిక్కులు లేవని నేనే తప్పుగా చూశానేమో అనుకుని ఇంకొంత తగ్గిస్తాను. నా పెండ్లి ఒక్కటే మిగిలిందని ఆఖరి రోజు రాజేందర్ అన్న మాట మిగులుతుంది.

ఆమె అప్పుడప్పుడు, "మన పెండ్లి ఒకసారి పెట్టరాదూ" అంటుంది. ముగ్గురం కూర్చుని చూద్దామన్నది నేనే. అందుకే పెట్టలేను. "సూసుడు అయిపోయింది కదనే, టిక్కు ఉన్నది" అంటాను.

ఎవరు చూశారో ఈ రోజుకీ నాకు తెలియదు.