చప్పుడు లేని కడుపు

బజారు డాక్టరు మా పెదనాయినకు అన్యాయం చేసిండు. కాళ్ల నరాల మంటకు గోళీలిచ్చిండు గాని, అవి కడుపును బిగబడతయని చెప్పలేదు.

మంట తగ్గింది, కడుపు రాయి లెక్క అయింది. గాలి సోకిందని ఇయ్యాల పెద్దమ్మ, ఆయన కాళ్లు పెట్టి నేసే మగ్గం గుంతల నిమ్మకాయ పెట్టింది.

"ఏమైతుంది పెదనాయినా?"

"లోపల ఎవరో కూసున్నరు రా. కదుల్తలేరు."

కడుపుకు చెవి ఆనించిన. వాడంత మగ్గాల చప్పుడు, లోపల మాత్రం ఏం లేదు. దయ్యాల్లేవని గోడలకు కాయితాలు అంటించేది నేనే, అయినా ఆ నిమ్మకాయ తీయనీకి చెయ్యి రాలే.

గోళీ మానితే గుంతల కాళ్లు పెట్టలేడు, మింగితే ముద్ద దిగదు. మీ ఇండ్లల్ల గూడ గిట్లయితే ఈ వాడ బోర్డు మీద నేను రాసినదాని కిందనే రాయుండ్రి.

ఈ సాయంత్రం ఏడింటికి ఆ బజారు డాక్టరు దవాఖాన ముంగట కలుద్దాం. పెదనాయినను తోల్కొస్త. డాక్టరు గూడ ఆ కడుపుకు చెవి పెట్టి వినాలె.