హసీనక్కకు వినిపించలేక

ఇది రెండేళ్ళ కిందటే రాయవలసింది. అప్పటికే నాకు రాయడం వచ్చు. నలభై దాటాక నేర్చుకున్న అక్షరాలు కాబట్టి చేయి నెమ్మదిగా నడుస్తుంది, అంతే. రాయలేకపోవడానికి కారణం వేరే ఉంది. మా పత్రికలో ఒక పద్ధతి ఉండేది. ఎవరి గురించి రాస్తే వాళ్ళకు ముందుగా చదివి వినిపించాలి. వాళ్ళు సరే అంటేనే అచ్చుకు పోవాలి. ఆ పద్ధతి పెట్టిన హసీనక్క గురించే ఇప్పుడు నేను రాయాలి. ఆమె లేదు. ఎవరికి వినిపించేది?

మొన్న ఇందుకూరుపేటలో బస్సు కోసం నిలబడి ఉంటే, వెనక గోడకు ఒకాయన సినిమా పోస్టరు అంటిస్తున్నాడు. బకెట్లో ఉడికించిన మైదా జిగురు, అందులో కొంచెం మైలుతుత్తం. ఆ వాసన తగలగానే కాళ్ళు కదల్లేదు. ఎక్కవలసిన బస్సు వచ్చి వెళ్ళిపోయింది. అదే జిగురు నేను ఎన్నో సార్లు మా ఆఫీసు వంటగదిలో కాచాను. మైపాడు పోయే దారిలో ఒక మేడమీది రెండు గదులే మా ఆఫీసు. పత్రిక పేరు ‘నిమ్మళం’. రెండు నెలలకొకటి వచ్చేది. మనసు బాగాలేని వాళ్ళకు మందు చీటీ లాంటిది కాదు. బొమ్మ గీసుకోవడం, పాత చీర ముక్కలు కుట్టుకోవడం, నాలుగు మాటలు రాసుకోవడం, ఇలాంటి వాటితో బరువు ఎట్లా దించుకోవచ్చో చెప్పేది. మధ్యలో ఎవరో ఒకరి బతుకు సంగతి ఉండేది. హసీనక్క రాసేది, మనుబోలు సుబ్బయ్యన్న బొమ్మలు వేసేవాడు. నేను పోస్టుకు పోయే పుస్తకాలకు రేపర్లు అంటించేదాన్ని, టీ పెట్టేదాన్ని.

ఆ పత్రికలోకి నేను పనిమనిషిగా రాలేదు. ముందు అందులో రాతగా వెళ్ళాను. అప్పుడు నేను రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేస్తున్నాను. ఐసులో నాని వేళ్ళు మొద్దుబారి, సాయంత్రానికి చీర కుచ్చిళ్ళు కూడా పట్టు దొరికేవి కావు. మా ఆయన ముత్తుకూరుకు కరెంటు ఫ్యాక్టరీ పనికని పోయి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. మరీ దూరమేమీ కాదు, అదే ఎక్కువ బాధ. ఒక రోజు హసీనక్క షెడ్డుకు వచ్చి మా పక్కన తడి నేల మీదే కూర్చుని అందరితో మాట్లాడింది. సుబ్బయ్యన్న ఒక మూల నిలబడి మా చేతులు గీసుకున్నాడు. వాళ్ళు వెళ్ళిపోయాక మేము ఆ సంగతి మరిచిపోయాం. కొన్ని రోజులకు ఆమె ఒక్కతే మళ్ళీ వచ్చింది.

“నీ గురించి రాసినా రమణమ్మా. చదువుతా, వింటావా?”

“నేనేమన్నా కలెక్టరమ్మనా, నా గురించి రాసేదానికి?”

ఆమె చదివింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు చేతులు ఆపి విన్నారు. నేను చెప్పినవే, కానీ నావి కానట్టు వినిపించాయి. చివరికి వచ్చేసరికి, రమణమ్మ రోజూ రాత్రి ఏడుస్తుంది అని ఉంది. నాకు ఒళ్ళు మండింది.

“రోజూ ఏడుస్తానని నేనెప్పుడు చెప్పినా? పొద్దుగూకులూ ఈడ రొయ్యలు గిల్లి ఇంటికి పోయినాక రోజూ ఏడ్చేదానికి ఎవరికుండాది ఓపిక? కొన్ని దినాలు బాగానే నిద్ర పడతది.”

పక్కన కూర్చున్న మస్తానమ్మ అందుకుంది. “నిద్రేంది తల్లా, దాని గురక మా ఇంటి దాకా వినపడతది. అది రాసుకో నువ్వు!”

షెడ్డు షెడ్డంతా నవ్వింది. హసీనక్క కూడా నవ్వింది కానీ, అక్కడికక్కడే పెన్ను తీసి ఆ మాట కొట్టేసి, కొన్ని రాత్రులు బాగా నిద్ర పడుతుంది అని రాసి, మళ్ళీ మొదటి నుంచి చదివింది. చదవడం అయ్యాక కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుంది. నా ముఖం వైపు చూడలేదు, నేల వైపు చూస్తూ అడిగింది. “ఇప్పుడు సరేనా?” ఎందుకు నేల చూస్తుందో చాలా కాలం తర్వాత చెప్పింది. ముఖంలోకి చూస్తూ అడిగితే మొహమాటానికి సరే అంటారట. నాకు ఆ రోజు అవేవీ తెలియవు. నా బతుకులో నా గురించి నన్ను సరేనా అని అడిగిన మొదటి మనిషి ఆమె. పెళ్ళికి కూడా ఎవరూ అడగలేదు. సరే అన్నాను. అన్న తర్వాత చాలాసేపు నా గొంతు నాకే కొత్తగా ఉంది.

తర్వాత షెడ్డు మూతపడితే ఆమే నన్ను పత్రిక పనికి పిలిపించింది. ఆ రెండు గదుల్లో పని ఎట్లా జరిగేదో చెప్పాలి. పత్రికలో పాఠకులను ఏది చేయమని రాసినా, ముందు తాము చేసి చూడాలని అక్కకూ సుబ్బయ్యన్నకూ పట్టుదల. కళ్ళు మూసుకుని ఊపిరి వెంట ఒక గీత గీయండి అని ఒక సంచికలో రాయాలనుకున్నారు. సుబ్బయ్యన్న కళ్ళు మూసుకుని గీత మొదలుపెట్టాడు. కాసేపటికి గీత కాగితం దాటి, బల్ల మీదుగా పోయి ఆగిపోయింది. ఆయన నిద్రపోయాడు. అక్క లేపలేదు. “ఇది పని చేస్తా ఉండాదిలే, వేసెయ్యొచ్చు” అంది. ఆయన వరి పండించే ఇంట్లో పుట్టిన మనిషి. బొమ్మలు గీస్తే కడుపు నిండుద్దా అని వాళ్ళ నాయన చనిపోయే దాకా అంటూనే ఉన్నాడట. ఆ మాట ఆయన నవ్వుతూనే చెప్పేవాడు. కానీ ఏ సంచిక వచ్చినా మొదటి ప్రతి తీసుకుపోయి నాయన ఫోటో ముందు పెట్టేవాడు.

నాకు అక్షరాలు నేర్పిందీ ఆ బల్ల దగ్గరే. అ ఆ లతో మొదలుపెడతారని భయపడ్డాను, చిన్నపిల్లలా నవ్వులపాలవుతానని. అక్క పలక తేలేదు. “ముందు ఏం రాయాలనుంది నీకు?” అని అడిగింది.

“మా ఆయన పేరు.”

“ఎందుకు?”

“రాసి కొట్టెయ్యాలని.”

మా వైపు ఆడవాళ్ళం మొగుడి పేరు నోటితో పలకం. విడిచిపెట్టి పోయిన వాడిదైనా పలకం. పలకకుండా ఎట్లా నేర్పేదని అక్క తల పట్టుకుంది. చివరికి రేషన్ కార్డు తెప్పించి, అందులో చూసి సుబ్బయ్యన్న ఆ పేరు పెద్దగా గీసి ఇచ్చాడు. దాని మీద వేలు పెట్టి దిద్దాను. ఎన్నో రోజులు పట్టింది. ఒక్కో అక్షరం రొయ్య వంపులా వచ్చేది, నిటారుగా నిలబడేది కాదు. ఒకనాటికి ఏ సాయమూ లేకుండా పేరంతా రాశాను. అక్క ఎర్ర పెన్ను నా చేతికిచ్చి, “ఇంక కొట్టేయ్” అంది. కొట్టబుద్ధి కాలేదు. అంత కష్టపడి రాసింది, నా రాత అది. అక్కకు ఆ మాట చెబితే, బల్ల మీద తల వాల్చి నవ్వింది. ఆ కాగితం తర్వాత ఏమైందో కూడా నాకు గుర్తులేదు. ఆ నవ్వు మాత్రం ఉంది.

ఆమెకు కోపం రావడం నేను చూసింది ఒక్కసారే. హైవే పక్కన టిఫిన్ అంగడి నడిపే ఒకామె, ఊరు చెప్పను, పోయిన కొడుకు సంగతి అక్కకు చెప్పుకుంది. అక్క దాన్ని ఎంత బాగా రాసిందంటే, వింటూ నేను చేస్తున్న పని మరిచాను. ముగ్గురం బస్సులో పోయి వినిపించాం. ఆమె దోశ పెనం కింద మంట తగ్గించి చివరిదాకా విన్నది. కొంగుతో ముఖం తుడుచుకుంది. “బాగుందమ్మా. నా బిడ్డ కళ్ళ ముందుకొచ్చినాడు. కానీ వెయ్యొద్దు” అంది. అక్క ఎందుకని అడగలేదు. కాగితాలు మడిచి ఆమె చేతిలోనే పెట్టింది. బస్సెక్కాక సుబ్బయ్యన్న ఊరుకోలేదు.

“పేరు మార్చినాం గదక్కా. ఊరు పేరు కూడా రాయలేదు. ఎవరికి తెలుస్తది?”

“ఆమెకు తెలుస్తది.”

“రేపు ప్రెస్సుకు పోవాల. రెండు పేజీలు యాడ్నించి తెచ్చేది? నా మొహం గీసి వెయ్యమంటావా?”

“నీ మొహం చూస్తే చదివేవాళ్ళకు నిమ్మళం యాడుంటది?” అని, వెంటనే గొంతు మార్చి అంది. “వాళ్ళ దుఃఖం మనకు సరుకు కాదు సుబ్బయ్యా. ఇంకోసారి ఆ మాట అనొద్దు.”

మర్నాడు అక్క ఆ రెండు పేజీలు ఖాళీగానే అచ్చుకు పంపింది. ఫైలు తప్పు వచ్చిందని ప్రెస్సాయన ఫోన్ మీద ఫోన్. తప్పు కాదు, అట్టే వెయ్యండి అని అక్క చెప్పింది. పుస్తకాలు వచ్చాక చూస్తే, ఆయనకు మనసొప్పక ఖాళీ పేజీల నాలుగు మూలలా నాలుగు గులాబీలు వేశాడు, పెళ్ళి పత్రికలకు వేసేవి. సుబ్బయ్యన్న నెత్తి కొట్టుకున్నాడు. అక్క మాత్రం వేలితో ఆ గులాబీలను తడిమి, “పాపం, ఆయన చాతనైన ఓదార్పు ఆయన చెప్పినాడు” అంది.

ఆమెను దేవతను చేయడం నాకు ఇష్టం లేదు. ఆమెకూ ఇష్టం ఉండేది కాదు. మధ్యాహ్నాలు కొన్నిసార్లు గోడ వైపు తిరిగి కూర్చునేది. టీ పెడితే చల్లారిపోయేది. కిడ్నీల జబ్బు అప్పటికే మొదలైంది, ఆసుపత్రికి పోయి వచ్చిన రోజు ముఖం ఉబ్బి ఉండేది. కానీ ఆ గోడ వైపు చూపు జబ్బుది కాదు, అంతకు ముందు నుంచీ ఉన్నది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

“ఊరందరికీ నిమ్మళం పంచతావే, నీదేదక్కా?”

వాళ్ళది నెల్లూరులో దర్జీల ఇల్లు. ఆమె ఇటు తిరక్కుండానే అంది. “మిషను కుట్టే వాళ్ళింట్లో చూడు రమణమ్మా. ఊరందరి జాకెట్లూ కుడతారు. వాళ్ళ జాకెట్టుకు మాత్రం పిన్నీసు పెట్టుకుని తిరగతా ఉంటారు.” కాసేపటికి, “కూర్చో, పోవద్దు” అంది. కూర్చున్నాను. కింద రోడ్డు మీద చేపల బండ్లు పోతున్న చప్పుడు వింటూ ఎండ తగ్గేదాకా ఇద్దరం అట్లాగే ఉన్నాం. ఆమె నాకు నేర్పినవాటిలో అక్షరాలకంటే అదే పెద్దదని ఇప్పుడు అనిపిస్తుంది. మందు చెప్పకుండా పక్కన కూర్చోవడం.

రెండేళ్ళ కిందట, వానలు వెనకబట్టే కాలంలో అక్క పోయింది. ఆమె లేకుండా పత్రిక రాలేదు. సుబ్బయ్యన్న ఇప్పుడు ముత్తుకూరులో అంగళ్ళకు బోర్డులు రాస్తున్నాడు. అక్క మీద చివరి సంచిక ఒకటి తేవాలని ఆయన కోరిక. ఎన్నోసార్లు ఫోన్ చేశాడు.

“నువ్వు రాయకపోతే ఆ మనిషి ఎట్టా ఉండేదో ఎవరికి తెలుస్తది రమణమ్మా?”

“రాసి ఎవరికి వినిపించేదన్నా?”

“అది నాకూ తెలవదు” అన్నాడు.

అదే నన్ను ఆపింది. రాయకపోతే ఆమె ఎవరికీ తెలియకుండా పోతుంది. రాస్తే ఆమె ఒప్పుకోని పని చేసినట్టవుతుంది. మధ్యాహ్నం గోడ వైపు తిరిగి కూర్చున్న మనిషిని, ఆమె సరే అనకుండా, ముక్కూముఖం తెలియని వాళ్ళ ముందు పెట్టే హక్కు నాకెక్కడిది? అయినా ఆ జిగురు వాసన తగిలిన రోజు ఇంటికి వచ్చి, రాయకుండా ఉండలేకపోయాను. ఆమె మీద బెంగ ఎంతగా పట్టుకుందంటే, పేరు రాస్తుంటే మనిషి గదిలో ఉన్నట్టే ఉంది. నిన్న సాయంత్రానికి పూర్తయింది.

ఈ రోజు పొద్దున్నే మొదటి బస్సుకు నెల్లూరు పోయాను. హసీనక్క అమ్మ జాన్‌బీ పెద్దమ్మ వాకిట్లో కూర్చుని బొంత కుడుతోంది. సంగతి చెప్పాను. సూది ఆపకుండా విన్నది.

“నా బిడ్డ సరే అనాల్సిందానికి నేను సరే అంటే సరిపోతదా అమ్మా? నా సరే నాదే, దాని సరే దానిదే.”

“సరిపోదు పెద్దమ్మా. నాకు తెలుసు.”

“మరెందుకొచ్చినావు?”

నేను సంచిలోంచి కాగితాలు తీశాను. ఆమె దారం పళ్ళతో తెంపి, బొంత కొంచెం జరిపి చోటిచ్చింది. “కూర్చో. చదువు. దాని గురించి ఈ ఇంట్లో మాట్లాడి ఎన్నాళ్ళో అయింది. నేనేడుస్తానని ఎవరూ ఆ మాటెత్తరు.”

కూడబలుక్కుంటూ చదివాను. మొగుడి పేరు దగ్గర నవ్వింది. పిన్నీసు దగ్గర, “నా మీద చాడీలు చెప్పినాదే!” అంది. ఒక చోట మాత్రం చేయి పైకెత్తి ఆపింది. “అది తీసెయ్యమ్మా. అది మాకు ఉండనీ.” నాలుగు వాక్యాలు. ఎక్కడివో, ఏమిటో చెప్పను. అవి నాకు చాలా ఇష్టమైనవి, అక్కలో ఇంకెవరూ చూడనిది అందులో ఉంది. పెన్ను తీసి, కింది మాట కనిపించకుండా పూర్తిగా కొట్టేశాను.

“ఇప్పుడు ఇంకోసారి చదువు, మొదట్నించి” అంది. చదివాను. ఆ చోటికి వచ్చేసరికి నాలుక ఆ వాక్యాలే అందుకోబోయింది. నోట్లోనే ఆపుకుని, ఆ తర్వాతి వాక్యం చదివాను.