‘నియర్ ద లేక్’ అంటే దగ్గర కాదట!

ఈ ప్రయాణానికి కారణం సునీత. మిస్సిసాగాలో మా పక్క టౌన్‌హౌస్‌లోనే ఉండేది, నన్ను అక్కా అని పిలుస్తుంది. పోయినేడు పెద్ద ఆపరేషన్ జరిగి బతికి బయటపడ్డాక, చర్చిలో ఉన్న తొట్టిలో కాదు, ఆరుబయట నీళ్లలో బాప్తిస్మం తీసుకుంటానని దేవుడికి మాటిచ్చింది. ఈలోగా వాళ్లాయనకు విమానంలో నాలుగు గంటల దూరంలో ఉన్న ఎడ్మంటన్‌లో ఉద్యోగం వచ్చింది. ఆస్పత్రికి వచ్చి ప్రార్థన చేసిన మా పాస్టరు గారి చేతుల మీదుగానే జరగాలని ఆమె పట్టు. ఊరు మారేలోపు మిగిలింది ఒకే ఒక్క శనివారం. చోటు సంగతి నేను చూస్తానులే అని ధైర్యం చెప్పింది నేనే. ఆన్‌లైన్‌లో గంటలు వెతికి, పెద్దక్షరాలతో ‘నియర్ ద లేక్’ అని రాసి ఉన్న కాటేజీని బుక్ చేశాను. ఒక రాత్రికి మూడు వందల నలభై డాలర్లు, మధ్యాహ్నానికల్లా తాళం ఇమ్మన్నందుకు ఇంకో నలభై. సరస్సు దగ్గర ఇల్లు. ఇందులో అర్థం కానిది ఏముంది చెప్పండి?

వెళ్లాలనుకునేవాళ్లకు దారి చెబుతాను. శనివారం ఉదయం ఎనిమిది లోపు బయలుదేరితే 401 హైవే మీద పెద్దగా ఇబ్బంది ఉండదు. తర్వాత 400 ఎక్కి ఉత్తరంగా బ్యారీ దాకా వెళ్లి, అక్కడ 11 పట్టుకుని ఒరిల్లియా దాటాలి. కాఫీకి ఆగినా రెండున్నర గంటల ప్రయాణం. పాస్టరు గారు మిల్టన్ నుంచి తన కారులో వచ్చి దారిలో కలిశారు. మా కారులో మా ఆయన రాజు, మా అమ్మాయి జోయ్స్, సునీత, నేను. సునీత వాళ్లాయన ముందే ఎడ్మంటన్ వెళ్లిపోయాడు. పులిహోర డబ్బా నా ఒళ్లో, ఇస్త్రీ చేసిన తెల్ల చీర సునీత ఒళ్లో. దారి పొడుగునా ఆమె ఆ చీర మడత నలగనివ్వలేదు.

ఇల్లు బాగానే ఉంది. చుట్టూ చెట్లు కూడా ఉన్నాయి. సరస్సే లేదు! రోడ్డు పట్టుకుని ఏడు నిమిషాలు నడిస్తే ఇనుప కంచె వచ్చింది, దానికి ‘ప్రైవేట్’ అని బోర్డు. కంచె అవతల నీళ్లు తళతళా మెరుస్తున్నాయి. సునీత రెండు చేతులతో ఆ కంచె పట్టుకుని నిలబడిపోయింది. వెంటనే ఇంటి ఓనరుకు ఫోన్ చేసి, లేక్ దగ్గర అని రాసి ఇదేం మోసమని ఇంగ్లీషులో వాయించాను. ఆయన మాత్రం తాపీగా, “నియర్ అనే రాశాను మేడమ్, ఇది నియరే కదా. ఆన్ ద లేక్ అయితే రేటు రెట్టింపు ఉండేది” అన్నాడు. పుండు మీద కారం చల్లినట్టయింది.

“అమ్మా, టెక్నికల్లీ హీ ఈజ్ రైట్,” అంది జోయ్స్. “ఆన్ ద లేక్ అంటేనే ఒడ్డున. నియర్ ఈజ్ జస్ట్ నియర్.”

“నీళ్ల మీద ఇల్లేంటే? అదేమన్నా పడవా?” అన్నాను.

“బుక్ చేసేప్పుడు జోయ్స్‌ని అడగాల్సింది,” అన్నాడు రాజు. నేను చూసిన చూపుకు, కారు తీస్తానంటూ వెనక్కి నడిచాడు.

ఊళ్లో పబ్లిక్ బీచ్ ఉంది కదా అని అక్కడికి వెళ్లాం. ఎండాకాలం శనివారం కదా, కారు పెట్టడానికి చోటు లేదు. నీళ్లలో బంతాటలు, ఒడ్డున స్పీకర్ల మోత. “ఎక్కడైతే ఏంటక్కా, చర్చిలోనే తీసుకుంటాలే” అంది సునీత. ఆ మాట అన్న తీరుకి నాకు ఓనరు మీద కోపం ఇంకా పెరిగింది. దేవుడికి ఇచ్చిన మాటను ఒక్క ఇంగ్లీషు ముక్క చెడగొట్టడమేంటి? చర్చి ముచ్చట తర్వాత, ముందు ఆ కంచె దగ్గరే ఇంకోసారి చూద్దామని కారు వెనక్కి తిప్పించాను.

ఈసారి కంచె లోపల ఒక పెద్దాయన గడ్డి కోస్తున్నాడు. నేను కేకేసి పిలిచాను. ఇక తప్పు దొర్లకూడదని, మా అమ్మాయి నేర్పిన మాటే గట్టిగా వాడాను. మా సునీతకు బాప్తిస్మం కావాలి, ‘ఆన్ ద లేక్’ అన్నాను. ఆయన మెషిన్ ఆపి కంచె దగ్గరికి వచ్చాడు. “ఆన్ ద లేక్ అయితే కష్టం. నా బోటు రిపేర్‌లో ఉంది,” అన్నాడు పాపం, నిజంగానే బాధపడుతూ.

“బోటెందుకు? ఇన్! ఇన్ ద లేక్! మునగాలి!” అని చేతులతో మునిగి చూపించాను. ఆయన పగలబడి నవ్వాడు. “ఓ, ఇన్ అయితే సులువేగా” అంటూ వచ్చి గేటు తీశాడు.

సునీత చీర మార్చుకుని వచ్చి నడుం లోతు నీళ్లలోకి దిగింది. రాజు పాట అందుకున్నాడు. పెద్దాయన టోపీ తీసి పక్కన నిలబడ్డాడు. పాస్టరు గారు ఆమె పక్కనే నీళ్లలో నిలబడి ప్రార్థన చేసి, ఆమెను వెనక్కి వంచి ముంచి లేపారు. జుట్టులోంచి నీళ్లు కారుతుంటే, ఏడుస్తూనే నవ్వుతూ నా వైపు తిరిగి, “అక్కా, నేనిప్పుడు ఇన్నా, ఆనా?” అని అరిచింది.

“లోపల! నీళ్లలో ఉన్నావే తల్లీ!” అని నేనూ అరిచాను. అప్పటికి నాకూ ఏడుపు ఆగలేదు.

ఇంటికొచ్చి ఇన్ని రోజులైనా నా కోపం పూర్తిగా చల్లారలేదు. మన భాషలో బావి దగ్గర ఉన్నానంటే చేద చేతిలో ఉన్నట్టే. ఆస్పత్రిలో సునీత భయపడిన రోజుల్లో పాస్టరు గారు చెప్పింది కూడా ఆ మాటే: “దేవుడు నీ దగ్గరున్నాడమ్మా.” దాని అర్థం ఏడు నిమిషాల నడక, మధ్యలో ఇనుప కంచె అని కాదు. చెయ్యి పట్టుకునేంత దగ్గరని. ఇంగ్లీషు ‘నియర్’ని ఆ మాటతో సమానం చేసి చదివినందుకు నేను తెలివితక్కువదాన్నని ఎవరైనా అంటే అననివ్వండి, నేను ఒప్పుకోను.

మీకు చెప్పేది ఒక్కటే. నీళ్ల ఒడ్డున ఇల్లు కావాలంటే ‘ఆన్ ద లేక్’ అని ఉందో లేదో చూడండి. చూశాక కూడా డబ్బు కట్టకముందే ఓనరుకు ఫోన్ చేయండి. దగ్గరే అని ఆయన అంటే, మధ్యలో కంచె ఉందా అని అడగండి.