మావయ్య టెస్ట్ ల్యాంపు

మొన్న మధ్యాహ్నం దుర్గ్‌లోని మా క్లినిక్‌లో కరెంటు పోయింది. వీధంతా ఉంది, మాకు మాత్రమే లేదు. వచ్చిన ఎలక్ట్రీషియన్ యాభై దాటినవాడు. సంచిలోంచి నల్లటి హోల్డర్‌లో బిగించిన పాత బల్బు తీశాడు, దానికి రెండు వైర్లు వేలాడుతున్నాయి. పక్కవాళ్ల ప్లగ్గులో వాటిని గుచ్చి, బల్బు వెలిగాకే మా స్విచ్‌బోర్డు దగ్గరికి వచ్చాడు. మెయిన్ తీగ దగ్గర అది మళ్లీ వెలిగింది. కాసేపటికి బల్బు వేడెక్కి, దానిమీది దుమ్ము కాలిన వాసన గదంతా పట్టింది. నేను చీటీ రాయడం ఆపేసి ఆ వాసన పీలుస్తూ కూర్చున్నాను. ఎదురుగా ఉన్న పేషెంటు నాకేమైందోనని కంగారుపడ్డాడు పాపం. నాకేమీ కాలేదు, సన్యాసి మావయ్య గుర్తొచ్చాడంతే.

భిలాయి సెక్టర్ 6లో మా క్వార్టరూ ఆయన క్వార్టరూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. ఆయన మాకు చుట్టమేమీ కాదు. బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి వచ్చి, స్టీల్ ప్లాంటులో రోలింగ్ మిల్లు ఎలక్ట్రీషియన్‌గా చేరాడు. మా నాన్న అదే ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పనిచేసేవారు. ఇద్దరూ ఇంచుమించు ఒకేసారి భిలాయి చేరి, ఒకరినొకరు బావా అనుకోవడం మొదలుపెట్టారు. అలా ఆయన నాకు మావయ్య అయ్యాడు. మా క్వార్టర్ల లైన్లో ఎవరింట్లో ఫ్యాను ఆగినా ఆ బల్బూ రెండు వైర్లూ పట్టుకుని వచ్చేవాడు. దాన్నే టెస్ట్ ల్యాంపు అంటారు. అయితే పాడైన చోట ముందు పెట్టేవాడు కాదు. కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి, వెలిగాకే పనిలోకి దిగేవాడు. ఎందుకింత చాదస్తమని ఓసారి నవ్వాను.

"దీపమే పోయిందనుకో, కరెంటున్నా లేనట్టే అగుపడతాది. ముందు దీపాన్ని సూసుకోవాలే గుంటా" అన్నాడు.

పన్నెండో తరగతి అయ్యాక రాసిన పీఎంటీలో నేను తప్పాను. మెడికల్ సీటు కోసం రాసే ఆ పరీక్షలో జువాలజీ, బాటనీ, కెమిస్ట్రీ నన్ను గట్టెక్కించబోతే ఫిజిక్స్ కాలు పట్టుకుని ముంచేసింది. ఇంకొక్కసారి రాయమన్నారు నాన్న, అదే ఆఖరుసారి. ఆలోగా ఏడాది వృథా కాకుండా కాలేజీలో బీఎస్సీ చేరాలి. నాలాగా తప్పినవాళ్లంతా ఆ మూడు సబ్జెక్టుల గ్రూపే తీసుకునేవారు. పీఎంటీలో మూడొంతులు కాలేజీ చదువుతోనే వెళ్లిపోతుంది, ఫిజిక్స్ ఒక్కటీ ఇంట్లో చూసుకోవాలి. ఆ ఒక్కటే నాకు రాదు. అందుకే ఎవరికీ చెప్పకుండా హోమ్‌సైన్స్ ఫారం తెచ్చుకుని, పుస్తకాల మధ్య దాచాను. అటు వెళ్తే మళ్లీ పీఎంటీ ఊసెత్తక్కర్లేదు. నాన్న దాన్ని చూడనే చూశారు.

"ఇదేటి?" అన్నారు.

"నాకు బుర్ర లేదు నాన్నా. నావల్ల కాదు" అన్నాను.

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కూతురు డాక్టరైతే పెద్దాసుపత్రిలో లైన్లో నిలబడక్కర్లేకుండా దర్జాగా లోపలికి పోతానని షిఫ్టులో అందరికీ చెప్పుకున్న మనిషి. హెల్మెట్ తీసుకుని సైకిలెక్కి వెళ్లిపోయారు.

గోడకవతల మాట ఇవతలికి వినపడే క్వార్టర్లు. ఆ సాయంత్రం మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, మావయ్య మా వరండాలోకి వచ్చాడు. ఫారం ఇవ్వడానికి శనివారం ఆఖరు, ఆ రోజు మంగళవారం.

"మోటారు కాలిపోయిందని నువ్వే సెప్పీసుకుంటే ఎలాగే? మజ్జిలో ఏదో వైరూడి ఉంటాది. శనివారం దాకా టైమియ్యి, ఎతుకుదుం" అన్నాడు.

పన్నెండో తరగతి ఫిజిక్స్ పుస్తకంతో మొదలుపెట్టి వెనక్కి నడిచాడు. పదకొండు, పది, తొమ్మిది. ఆయన చదివింది ఐటీఐ. అయినా ఒక్కో పాఠం తిప్పుతూ ఇంగ్లీషులో ఉన్న ప్రశ్నను కూడబలుక్కుని చదివి, తెలుసా అని అడిగేవాడు. నేను తెలుసని తలూపేదాన్ని. తొందరగా వదిలేస్తాడని నా ఆశ. రెండో రోజు ఒక పాఠం దగ్గర పుస్తకం మూసి, నేను అప్పుడే తలూపిన లెక్కను నన్నే చేసి చూపించమన్నాడు. పెన్సిలు కదల్లేదు.

ఆయనకు కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. గొంతు మాత్రం పెంచలేదు.

"లైన్లో కరెంటు లేదని సూడకుండా నాను రిజిస్టర్లో రాసీసినాననుకో, నా తరవాత షిఫ్టుకొచ్చినోడు దాన్ని ముట్టుకుని సచ్చిపోతాడు. తెలీందానికి తలూపకే అమ్మా."

సిగ్గుతో చచ్చిపోయాను. మూడో రోజు తలూపడం మానేశాను. దాంతో అసలు సంగతి బయటపడింది, ఎంత వెనక్కి వెళ్లినా దీపం వెలగట్లేదు. ఒకటి పెరిగితే రెండోది తగ్గడం, వాయువు పాఠంలోనూ అదే, కరెంటు పాఠంలోనూ అదే. ఇన్‌వర్స్‌లీ ప్రపోర్షనల్ అన్న మాట రాగానే నిర్వచనం గడగడా అప్పజెప్పేదాన్ని, లెక్క ఇస్తే నోరెళ్లబెట్టేదాన్ని. ఏడుపొచ్చేసింది. నిజంగానే నాకు బుర్ర లేదు మావయ్యా అన్నాను.

మావయ్య భార్య, మా అత్త, ఇచ్చిన టీ ఆయన చేతిలోనే చల్లారిపోయింది.

"ఉండు. నా దీపమే పోయిందేమో" అన్నాడు చివరికి. పుస్తకం పక్కన పెట్టేశాడు. "మనింట్లో అయిదుగురం. పది రోజులకి సరిపడా బియ్యముంది. ఊర్నించి ఇంకో అయిదుగురు దిగిపోనారు. ఎన్నాళ్లొస్తాది?"

"అయిదు రోజులు" అన్నాను, ముక్కు తుడుచుకుంటూ.

"అందరూ కలిసి ఇరవైమందయిపోతే?"

"రెండున్నర."

"కాయితం లేకుండా సెప్పీసినావు! ఇంతసేపూ నానడిగింది ఇదేనే."

నేను తెల్లబోయాను. అయిదో తరగతి వరకు నేను చదివింది మనవాళ్ల తెలుగు బడిలో. ఆరో తరగతికి ఇంగ్లీషు బడిలో వేశారు. మా సెక్టర్‌లో చాలామంది పిల్లల్ని అలాగే మార్చేవారు, గొప్పగా చెప్పుకునేవారు కూడా. ఆ మొదటి ఏడాది టీచరు చెప్పేది అర్థం కాక బట్టీ పట్టడం నేర్చుకున్నాను. మార్కులు వచ్చాయి, ఎవరూ అనుమానపడలేదు. ఆ అలవాటు మీదే ఏడేళ్లు లాక్కొచ్చాను. తెలుగులో అడిగితే వచ్చే లెక్క ఇంగ్లీషులో అడిగేసరికి నాది కాకుండా పోయేది.

"తీగ బాగానే ఉంది. తప్పు నా అడగడంలో ఉంది" అన్నాడాయన, తన సొంత పొరపాటు ఒప్పుకున్నంత మామూలుగా. నన్ను అంతకు ముందు మొద్దు అనుకున్నవాళ్లున్నారు, జాలిపడ్డవాళ్లున్నారు. తన ప్రశ్నను అనుమానించిన మనిషి ఆయనొక్కడే.

శనివారం నాన్న సైకిలు వెనకాల కూర్చుని కాలేజీకి వెళ్లాను. జువాలజీ, బాటనీ, కెమిస్ట్రీ అని నా చేత్తో నేనే రాశాను. "పక్కా హై నా బిటియా? బాద్ మే బద్లేగా నహీ" అన్నాడు గుమస్తా, ఖాయమేనా, తర్వాత మార్చడం కుదరదని. పక్కా అన్నాను. నాన్న తిరుగుదారిలో సమోసాలు కొనిపెట్టారు.

ఆ ఏడాదంతా పగలు కాలేజీ, సాయంత్రం వరండా. ప్రతి పాఠమూ ముందు మా ఇంటి తెలుగులోకి వచ్చి, ఆ తర్వాత పుస్తకం ఇంగ్లీషులోకి వెళ్లేది. అద్దాల పాఠం మావయ్యకూ రాదు. ఆ పుస్తకం టిఫిన్ సంచిలో పెట్టుకుని ప్లాంటుకు తీసుకెళ్లి, కొడుకు వయసున్న ఇంజనీరు దగ్గర చెప్పించుకుని వచ్చేవాడు. రెండోసారి పీఎంటీలో నాకు రాయపూర్‌లో సీటొచ్చింది. నాన్న లైనంతా తిరిగి మిఠాయి పంచారు. మావయ్య మాత్రం మార్కుల కాగితంలో ఫిజిక్స్ గడి మీద వేలు పెట్టి, "ఎలిగిందే!" అని చిన్నపిల్లాడిలా నవ్వాడు.

రిటైరయ్యాక ఆయన బొబ్బిలి వెళ్లిపోయాడు. చదువు, ఉద్యోగం అంటూ ఒక్కసారి కూడా వెళ్లి చూడలేదు నేను. పోయాడన్న కబురు కూడా ఆలస్యంగా తెలిసింది. నీవల్లే డాక్టరునయ్యానని ఆయనతో ఎప్పుడూ అనలేదు. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మొన్న కరెంటు వచ్చాక లోపలికి పంపిన మొదటి పేషెంటు ఒక ముసలావిడ, ప్లాంటులో పనిచేసి చనిపోయిన ఒక తెలుగు కార్మికుడి భార్య. మా జూనియర్ డాక్టరు ఆమెను ముందే హిందీలో ప్రశ్నలడిగి, దేనికీ సరైన జవాబు లేకపోవడంతో మతిమరుపు అని చీటీలో రాసింది. కోడలు దిగులుగా నిలబడి ఉంది. ముసలావిడ నేనేమడిగినా సరేనన్నట్టు తలూపడానికి సిద్ధంగా ఉంది. ఆ తలూపుడు నాకు బాగా తెలుసు.

కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. "మామ్మా, పొద్దున్న ఏటి తిన్నావు?"

ఆమె నా మొహంలోకి చూసింది. "సద్దన్నం తిన్నాను తల్లీ, ఉల్లిపాయ నంజుకుని. తరవాత కోడలు టీ ఇచ్చింది. పంచదార తక్కువేసింది."

కోడలు నవ్వేసింది. నేను చీటీ మీద మతిమరుపన్న మాట కొట్టేసి, మళ్లీ మొదటి నుంచి అడగడం మొదలుపెట్టాను.