బిరడా బాబాయి చెప్పిన సాక్ష్యం

పింఛను కాగితాల మీద తప్ప ఆయన అసలు పేరు ఎక్కడా వినపడేది కాదు. పెద్దా చిన్నా అందరికీ ఆయన బిరడా బాబాయే. ఇరవై తొమ్మిదేళ్లు ఆయన చేసిన ఉద్యోగం ఒక్కటే, చమురు అయిపోయిన బావులకి మూత పెట్టడం. బావి తవ్వేటప్పుడు ఫొటోలు దిగడానికి పెద్దపెద్దవాళ్లు వస్తారు. అది ఎండిపోయాక ఒక సిమెంటు లారీతో బాబాయి, ఇద్దరు కూలీలు వస్తారు. గొట్టంలోకి అంచెలంచెలుగా సిమెంటు దించి, నేలకి మనిషి లోతున గొట్టం కోసేసి, పైన ఇనప రేకు వెల్డింగు చేయించి, మట్టి కప్పి, గడ్డి విత్తనాలు చల్లి వచ్చేసేవాడు. అలా అరవై ఒక్క బావులు.

"నేను మూశానంటే ఇక ఎవడి తరమూ కాదు" అని మీసం మీద చెయ్యేసేవాడు.

"పంచదార డబ్బా మూత మాత్రం ఒక్కరోజు కూడా సరిగ్గా పెట్టిన పాపాన పోలేదు" అనేది వాళ్లావిడ వంటింట్లోంచి.

ఆయన రిటైరైన ఆరో ఏట ఊళ్లో రగడ మొదలైంది. ఊరికి తూర్పున పెద్ద చిత్తడి నేల ఉంది. చలికాలం వచ్చిందంటే ఎక్కడెక్కడి పక్షులూ అక్కడే దిగుతాయి. అక్కడ గడ్డపార దించకూడదని నలభై ఏళ్ల కిందటే చట్టం చేశారు. ఇప్పుడేమో దాని అడుగున చమురుందని, కొద్ది మేర తవ్వనిస్తే చాలని ఒక కంపెనీ వచ్చింది. ఊరు నిలువునా రెండుగా చీలింది. చివరికి క్షవరం షాపులో కూడా తవ్వాలనేవాళ్లు ఒక బెంచీ మీద, వద్దనేవాళ్లు ఇంకో బెంచీ మీద కూర్చునేవాళ్లు.

బాబాయి అల్లుడు వెల్డరు. అతనికి పని లేక ఎనిమిది నెలలైంది. తవ్వకం మొదలైతే మొదటి పిలుపు తనకేనని ఆశ పెట్టుకున్నాడు. కూతురు ఏమీ అడిగేది కాదు కానీ, వచ్చినప్పుడల్లా తండ్రి మొహంలోకి చూసేది.

ఒక ఉదయం కంపెనీ ఆఫీసరు బాబాయి ఇంటికి వచ్చి, మర్యాదగా మంచినీళ్లు మాత్రం తాగి విషయానికి వచ్చాడు.

"ప్రజాభిప్రాయ సేకరణలో మీరొక్క మాట చెప్పాలి సార్. చమురు తీశాక బావి మూసేస్తారు, నేల మళ్లీ నేలలాగే ఉంటుంది, అంతే. మేం చెబితే ఎవరూ నమ్మరు. మీరు చెబితే నమ్ముతారు."

అందులో బాబాయికి తప్పేమీ కనిపించలేదు. తను నమ్మిందే చెప్పమంటున్నారు. పైగా రిటైరయ్యాక ఆయన్ని ఎవరైనా సార్ అనడం అదే మొదటిసారి. సరేనన్నాడు.

వెళ్లబోతూ ఆఫీసరు, "దగ్గర్లో మీరు మూసిన బావి ఉంటే ఒక ఫొటో తీయించండి. పచ్చగా గడ్డి మొలిచి ఉంటే బాగుంటుంది" అన్నాడు.

దగ్గర్లో ఉన్నది ముప్పై ఎనిమిదో బావి. చట్టం రాకముందే చిత్తడి నేల అంచున తవ్వినది. దాన్ని మూసి ఇరవై రెండేళ్లయింది. మర్నాడు పొద్దున్నే అల్లుడి మోటారు సైకిలు మీద ఇద్దరూ బయల్దేరారు. గట్టు మీద నంబరు వేసిన సిమెంటు దిమ్మ అలాగే ఉంది. దాన్నుంచి పదహారు అడుగులు కొలుచుకుంటూ రబ్బరు బూట్లతో నీళ్లలోకి దిగాడు బాబాయి.

చుట్టూ తుంగ నడుమెత్తు పెరిగింది. బావి ఉన్నచోట మాత్రం బండి చక్రమంత మేర గడ్డిపోచ లేదు. ఆ గుండ్రటి నీళ్ల మధ్యలోంచి బుడగలు వస్తున్నాయి.

"కుళ్లిన బురద మామయ్యా. చిత్తడిలో బుడగలు రాక ఇంకేం వస్తాయి?" అన్నాడు అల్లుడు గట్టు మీంచి.

బాబాయి వంగి చూశాడు. బురదలోంచి వచ్చే బుడగలు అక్కడోటి ఇక్కడోటి వస్తాయి. ఇవి ఒకే చోటినుంచి, దారం లాగినట్టు ఆగకుండా వస్తున్నాయి. నీటి మీద రంగురంగుల తెట్టు ఉంది. కర్రపుల్లతో దాన్ని చెదరగొట్టాడు. బురద తెట్టయితే పెంకుల్లా విరిగిపోతుంది. ఇది చెదిరి, మళ్లీ మెల్లగా కలిసిపోయింది.

తాగడానికి తెచ్చుకున్న సీసాలో నీళ్లు నింపి, బుడగల మీద బోర్లించి పట్టుకున్నాడు. నీళ్లు దిగిపోయి గ్యాసు నిండేదాకా కదలకుండా నిలబడి, మూతి వేలితో మూసి గట్టుకి తెచ్చాడు. అల్లుడు అగ్గిపుల్ల గీశాడు. సీసా మూతి దగ్గర నీలం మంట సన్నగా లేచి ఆరిపోయింది.

బాబాయి గట్టు మీద కూర్చుని బూట్లలోని నీళ్లు వంచేశాడు.

"ఇదొక్కటే కదా మామయ్యా" అన్నాడు అల్లుడు. "మిగతా అరవై బాగానే ఉండొచ్చు."

"ఉండొచ్చు. నిన్నటిదాకా ఇదీ బాగానే ఉందనుకున్నాను."

ఇంటికొచ్చి భార్యకి అంతా చెప్పాడు. ఆ వారమంతా కంచం సగంలోనే వదిలి లేచిపోయేవాడు. భార్య చూసి చూసి, "ఒంట్లో బాగాలేదని కబురు పెట్టండి" అంది. "అబద్ధం చెప్పమనడం లేదు. వెళ్లకండి, అంతే. పిల్ల సంసారం మన నోటి వల్ల పాడవకూడదు."

"నేను వెళ్లకపోతే, పదేళ్ల కిందట నేనిచ్చిన పాత కాగితం చదువుతారే. బావులన్నీ భేషుగ్గా ఉన్నాయని అందులో సంతకం పెట్టాను."

ఆవిడ ఆయన చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసింది.

ప్రజాభిప్రాయ సేకరణ స్కూలు హాల్లో పెట్టారు. తవ్వాలనేవాళ్లు ఒకవైపు, పక్షుల బొమ్మలు పట్టుకున్నవాళ్లు ఇంకోవైపు. మైకు కీచుమంటోంది. బాబాయి వంతు వచ్చింది. కాగితం తీసుకెళ్లలేదు. చూసింది చూసినట్టు చెప్పాడు, సీసా సంగతితో సహా.

ఆఫీసరు మొహం వాడిపోయింది. వెంటనే తేరుకుని, "అంటే మీ పనిలోనే లోపం ఉందని ఒప్పుకుంటున్నారా?" అని అడిగాడు.

బాబాయి మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"సిమెంటు తక్కువైందో, గొట్టం తుప్పు పట్టిందో, అడుగున నేల కదిలిందో నాకు తెలీదు బాబూ. ఆ రోజు నాకు చేతనైనంత బాగా చేశాను. నా భయమంతా అదే. ఒళ్లు వంచకుండా చేసి ఉంటే, ఈసారి జాగ్రత్తగా చేద్దాం, తవ్వుకోండి అనేవాణ్ని."

పక్షుల బొమ్మలవైపు నుంచి చప్పట్లు మోగాయి. బాబాయికి ఒళ్లు మండింది.

"చప్పట్లెందుకు? మీరొచ్చిన బళ్లలో పోసింది అలాంటి బావుల్లోని నూనే. నా పిల్లని పెంచిందీ ఆ నూనే. ఇందులో గెలిచినవాళ్లెవరూ లేరు" అని మైకు వదిలేసి దిగిపోయాడు.

నాలుగు నెలలకి ప్రభుత్వ నిర్ణయం వచ్చింది. చిత్తడి నేల జోలికి వెళ్లకూడదు, దాని పక్క మెట్ట మీద తవ్వుకోవచ్చు. అటువాళ్లకీ ఇటువాళ్లకీ తృప్తి లేదు. పనులు అనుకున్నదాంట్లో పావు వంతే వచ్చాయి. అల్లుడికి పిలుపు రాలేదు. మామయ్య మాట వల్లేనని ఎవరూ అనలేదు, కాదనీ అనలేదు. పని వెతుక్కుంటూ భార్యాబిడ్డలతో ఆరు గంటల ప్రయాణం దూరంలో ఉన్న ఊరికి మకాం మార్చేశాడు. క్షవరం షాపులో బాబాయి ఏ బెంచీ మీద కూర్చున్నా పక్కవాళ్లు దూరంగా జరిగి కూర్చునేవాళ్లు. ఎవరో ఆకతాయి ఆయనకి చిల్లు బాబాయి అని కొత్త పేరు పెట్టాడు.

ముప్పై ఎనిమిదో బావిని మళ్లీ తెరిచి మూయడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. పంతొమ్మిది రోజులూ బాబాయి గట్టు మీద నిలబడి చూశాడు. మిగతా అరవై కూడా చూడమని పాత ఆఫీసుకి ఉత్తరం రాశాడు. మీ ఉత్తరం అందిందని ఒక్క ముక్క జవాబు వచ్చింది. అంతే.

ఇక లాభం లేదని బస్సెక్కి తానే తిరగడం మొదలుపెట్టాడు. మోకాళ్ల నొప్పులతో నీళ్లలో దిగి ఎక్కడ పడిపోతాడోనని భార్య గొణుక్కుంటూనే వెంట వెళ్లేది. రెండేళ్లలో నలభై నాలుగు చూశారు. అయిదు కారుతున్నాయి. అయిదింటికీ ఆవిడే గుండ్రటి అక్షరాలతో విడివిడిగా ఉత్తరాలు రాసింది. రెండింటికి మనుషుల్ని పంపారు.

ఆదివారం ఆదివారం కూతురు ఫోను చేస్తుంది. పిల్లల చదువులు, జలుబులు అన్నీ చెబుతుంది. అన్నీ అయ్యాక బాబాయి అడుగుతాడు.

"అల్లుడు ఉన్నాడా అమ్మా?"

"బయటికెళ్లారు నాన్నా" అంటుంది.

ఆ వెనక ఎవరో దగ్గడం వినపడుతుంది. ఆ దగ్గు ఎవరిదో ఆయనకి తెలుసు.

"సరేలే అమ్మా. అడిగానని చెప్పు" అని ఫోను పెట్టేస్తాడు.