చెక్కపొట్టు పొర

చాతం రేవులో బాంబూఫ్లాట్ వెళ్లే ఫెర్రీ ఎక్కాక ఒకావిడ వచ్చి నా పక్కన కూర్చుంది. ఆమె ముంజేతి మీద పలుచని, మెరిసే పొర ఒకటి కప్పి ఉంది. దాని కింద కాలిన గాయం కనిపిస్తోంది.

“గాయానికి ప్లాస్టిక్ చుట్టుకున్నారేంటమ్మా?” అన్నాను.

“ప్లాస్టిక్ నహీ దీదీ. కోత మిల్లులో పారేసే చెక్కపొట్టులోంచి పీచు తీసి, మా ల్యాబ్‌లో మేమే చేశాం. పుండుకి అంటుకోదు.”

“ఎలా కాలింది?”

“నేనే కాల్చుకున్నాను. గరిటె వేడి చేసి.”

ఆవిడ మామూలుగానే చెప్పుకుపోయింది. ఆమె కూతురి కాళ్ల మీద మరిగే గంజి ఒలికిందట. ఆసుపత్రిలో కట్టు మార్చిన ప్రతిసారీ గుడ్డతో పాటు చర్మం ఊడివస్తోందట.

“ఇది వేసి చూద్దామా అని డాక్టర్‌గారు అడిగారు. నొప్పి ఉండదని అందరికీ చెప్పేది మేమే. కానీ నా పిల్ల మీద వేసే ముందు నాకు తెలియాలి కదా!”

సీసాలో నీళ్లు ఆ పొర మీద చల్లి, చెయ్యి తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

“నేను తీస్తే మెల్లగా తీసేస్తాను దీదీ. నర్సు లాగినట్టు మీరు లాగండి.”

వద్దన్నాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చివరికి కళ్లు మూసుకుని లాగేశాను. తెరిచి చూస్తే పొర నా వేళ్ల మధ్య ఉంది. రక్తం లేదు. గాయం మీద లేత చర్మం చెక్కుచెదరలేదు.

“దర్ద్ నహీ,” అంది. “అస్సలు నొప్పి లేదు.”

అప్పుడు ఏడ్చింది.

ఇప్పటికీ వంటింట్లో వేడి పెనం వేలికి తగిలితే, మంట కంటే ముందు ఆవిడ ముఖమే గుర్తొస్తుంది.