మొగులయ్య బిగించిన మూత

అల్వాల్‌లో విరిగిన చెత్తడబ్బా పారేయాలంటే ముందు మొగులయ్య కంట పడకుండా చూసుకోవాలి అనేవాళ్లు. అతని సైకిల్ షాపు వెనక చక్రాలు ఊడిన డబ్బాలు, అడుగు తుప్పు పట్టినవి, మూతలు వంగినవి బోర్లించి ఉండేవి. ఒకదాని చక్రం ఇంకోదానికి, దాని పిడి వేరొకదానికి తగిలించి, పనికిరావని తోసేసిన డబ్బాలను మళ్లీ వీధిలో నిలబెట్టేవాడు.

2004లో బడి గేటు పక్కనున్న ఇనప డబ్బాకు కూడా అతనే మూత మార్చాడు. కుక్కలు చెత్త లాగకూడదని బరువైనది ఏరి మరీ బిగించాడు. కుక్కలు ఓడిపోయాయి. కానీ వారం తిరక్కముందే ఆ మూత ధడాలున పడి ఒకటో తరగతి ఇషిత వేలు నలిగింది. ఎముక విరగలేదు, గోరు నల్లబడింది.

ఇషిత తల్లి సుచిత్ర అదే బడిలో టీచరు. పాపను వెంటబెట్టుకుని నేరుగా షాపుకే వచ్చింది.

“ఆ డబ్బా రేపే తీపిస్త మొగులయ్యా.”

కట్టు కట్టిన ఆ చిన్న వేలు చూసి మొగులయ్య చేతిలోని పానా కింద పెట్టాడు. “తీస్తే చెత్తంత గేటు కాడ కుప్ప పోస్తరు టీచరమ్మా. కుక్కలు మల్ల పోరగాండ్ల నడుమనే తిరుగుతయి. రేపటిదాంక ఆగుండ్రి.”

ఆ రోజు పంక్చర్లకు వచ్చినవాళ్లను తిప్పి పంపాడు. బరువు మూత ఊడదీసి, మరో పాత డబ్బా రేకు మూత వేశాడు. పాడైన ఆటో బ్రేకు పెడల్‌ను అడుగున అమర్చాడు. తొక్కితే మూత లేస్తుంది. కాలు తీస్తే, కుక్క మూతికి లొంగకుండా స్ప్రింగు దాన్ని గట్టిగా మూసి ఉంచుతుంది. అంచుకు సైకిల్ ట్యూబు కోసి చుట్టాడు.

మర్నాడు గేటు దగ్గర ఇషిత పెడల్ తొక్కింది. మొగులయ్య తన వేళ్లు అంచు మీద పెట్టాడు.

“ఇగ కాలు తియ్యి బిడ్డా.”

“నీకు నొప్పైతది తాతా!”

“నొప్పైతే నువ్వే దవాఖానకు తీస్కపో.”

మూత పడింది. మొగులయ్య మొహం చిట్లించాడు.

“తగిలిందా?” కంగారుగా అడిగింది సుచిత్ర.

“గదే ఎరుకైతలేదు టీచరమ్మా. సుత్తె పట్టి పట్టి నా చేతులు మొద్దువారినయి. మీ చెయ్యే చెప్పాలె.”

ఆమె కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యి పెట్టింది. చురుక్కుమంది. మొగులయ్య ఇంకో పొర ట్యూబు చుట్టాడు. మళ్లీ పెట్టింది. ఇంకా కొంచెం తగిలింది. ఇంకో పొర. బడి గంట మోగింది, ఆమె కదల్లేదు. ఈసారి కళ్లు తెరిచే చెయ్యి పెట్టింది. మూత మెత్తగా వాలింది.

అప్పుడు కూతురి చెయ్యి వదిలింది. ఇషిత అరటి తొక్క వేసి, మళ్లీ తొక్కి, ఇంకోసారి ఊరికే తొక్కింది.

“మరి డబ్బా తీపిస్తరా టీచరమ్మా?”

“ముందు దీన్ని డబ్బా కాడికెల్లి తియ్యాలె గదా!” అంది సుచిత్ర, పెడల్ వదలని కూతుర్ని చూపిస్తూ.